సీరియల్ నడుస్తోంది కదా అని ఫ్లాట్ కొనొచ్చా?

ప్రశ్న: నా వయసు 41. తెనాలిలో పరిషత్ (పోటీ) నాటకాలతో మొదలుపెట్టి, తొమ్మిదేళ్లుగా హైదరాబాద్‌లో సీరియల్స్ చేస్తున్నాను. ప్రస్తుతం రెండింటిలో అమ్మ, అత్త పాత్రలు. రోజుకు రూ. 5,500, నెలకు 16 రోజుల పని. మేనేజర్ కమీషన్, 10 శాతం టీడీఎస్ (పేమెంట్‌లో ముందే కోసే పన్ను), చీరల ఖర్చు పోగా 60,000 చేతికొస్తుంది. నిరుడు ఒక సీరియల్ మధ్యలోనే ఆపేశారు, ఐదు నెలలు పని లేదు. మావారు పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తారు, ఆ డబ్బు సీజన్‌లోనే వస్తుంది. పాపకు ఎనిమిదేళ్లు. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 32,000. ఎఫ్‌డీలో 6 లక్షలున్నాయి. 55 లక్షల ఫ్లాట్‌కు 50,000 టోకెన్ ఇచ్చాం. ఎఫ్‌డీ తీసేసి, నగలు అమ్మి 11 లక్షలు కట్టి, మిగతాది లోన్ తీసుకోవచ్చా? నాటకాలు మానేసి సీరియల్స్ మీదే ఉండాలా? ఆదాయపు పన్ను రిటర్నులు ఎప్పుడూ వేయలేదు.

జవాబు: ఈ ఫ్లాట్ ఇప్పుడు వద్దండీ. సొంత ఇల్లు మీకు ఎంత అవసరమో తెలిసే చెబుతున్నాను.

44 లక్షల లోన్‌కు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 38,000. నెలకు 60,000 వస్తోంది కాబట్టి కట్టగలమని మీ లెక్క. కానీ నిరుడు పని దొరికింది ఏడు నెలలే. అంటే చేతికొచ్చింది 4.2 లక్షలు. పన్నెండు నెలలకు సర్దితే నెలకు 35,000. అదే మీ అసలు జీతం. ఈఎంఐ దాన్నే దాటిపోతోంది, ఇంకా బియ్యం కొననేలేదు. టీఆర్పీ పడిపోతే ఛానెల్ సీరియల్ ఆపేస్తుంది, కథ మారితే మీ పాత్రే పోతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే షూటింగులన్నీ ఎలా ఆగిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పుడు తినడానికి ఉండాల్సిన డబ్బునే మీరిప్పుడు బిల్డర్ చేతిలో పెట్టబోతున్నారు.

ముందు టీడీఎస్ సంగతి చూడండి. 16 రోజులకు వచ్చే 88,000లో నెలకు 8,800 చొప్పున నిరుడు ఏడు నెలల్లో కోసింది 61,600. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు పన్ను కట్టక్కర్లేదు కాబట్టి, రిటర్న్ వేస్తే మీ స్థాయి ఆదాయానికి కోసిందంతా వెనక్కి వస్తుంది. ఇన్నేళ్లూ అది మీ కష్టార్జితమే. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఫారం 26ఏఎస్ తెరిస్తే ఏ నిర్మాణ సంస్థ ఎంత కట్టిందో కనిపిస్తుంది. కోసి కట్టనివారు ఉంటే అక్కడే బయటపడతారు. గడువు దాటిన ఏళ్లకు ఆలస్యాన్ని మన్నించమని విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి, ఆ పని ఆడిటర్‌కు అప్పగించండి. చీరల బిల్లులు, మేనేజర్‌కు పంపిన డబ్బు వివరాలు ఇకపై పారేయకండి, అవి మీ వృత్తి ఖర్చులు. ఇంకో మాట. రెండు మూడేళ్ల రిటర్నులు చూపించకపోతే మంచి వడ్డీకి బ్యాంకులు లోన్ ఇవ్వవు. అవి అడగకుండా ఇచ్చేవాళ్లు ఎక్కువ వడ్డీ గుంజుతారు.

వచ్చిన పేమెంట్ అంతా ఒక ఖాతాలో పడనివ్వండి. అందులోంచి ప్రతి ఒకటో తారీఖున 32,000 మాత్రమే ఇంటి ఖాతాకు మార్చుకోండి. పని బాగున్న నెలలోనూ అంతే, లేని నెలలోనూ అంతే. ఎఫ్‌డీలో 4 లక్షలు ఏడాది ఇంటి ఖర్చు కింద పక్కన పెట్టి, షూటింగ్ లేనప్పుడు తప్ప ముట్టుకోకండి. నగలు ఉండనివ్వండి.

మిగతా 2 లక్షల్లోంచి ముందుగా ముగ్గురికీ కలిపి ఆరోగ్య బీమా తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ పాలసీలపై జీఎస్టీ లేదు. టర్మ్ పాలసీకి (అచ్చంగా జీవిత బీమా) ఆదాయ రుజువు అడుగుతారు కాబట్టి రిటర్నులు వేశాక తీసుకోవచ్చు. ఈలోగా బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా) మీ ఇద్దరికీ కట్టేయండి. జీవన్ జ్యోతిలో చేరడానికి 50 ఏళ్లు దాటకూడదు, మీవారి వయసు చూసుకోండి. పాపకు పదేళ్లు నిండేలోపే సుకన్య సమృద్ధి ఖాతా తెరవాలి. ఏడాదికి కనీసం 250 కడితే చాలు, పేమెంట్ వచ్చినప్పుడు 5,000, 10,000 వేసుకోవచ్చు. నెలనెలా కట్టి తీరాలన్న టెన్షన్ ఉండదు. అదే చీటీ అయితే, పాడుకున్నాక పని ఉన్నా లేకపోయినా వాయిదా కట్టాల్సిందే. మీరు దాని జోలికి పోకండి.

నాటకాలు మాత్రం మానొద్దు. పరిషత్తుకు వెళితే రానుపోను ఖర్చులు పోగా పెద్దగా మిగలదు, నిజమే. అయినా పేజీడు డైలాగ్ ఒక్క టేకులో చెప్పే ఒడుపు మీకు అక్కడే అబ్బింది. సీరియల్ ఆగిన నెలల్లో డబ్బింగ్ చెప్పడానికో, పిల్లలకు నటన నేర్పడానికో అదే పనికొస్తుంది. కాల్‌షీట్లు ఇచ్చేటప్పుడే నాటక పోటీల తేదీలు మేనేజర్‌కు చెప్పి పెట్టండి. సీజన్‌లో హార్మోనియం మీద వచ్చే డబ్బును పాప ఫీజుకు కేటాయించండి.

మూడేళ్ల సగటు ఆదాయంలో ఈఎంఐ మూడో వంతుకు మించని రోజున ఇంటి సంగతి మళ్లీ చూద్దాం. అది చిన్న ఇల్లయినా, ఊరికి కాస్త దూరమైనా పర్వాలేదు. ఈ టోకెన్ మాటకొస్తే, బుకింగ్ ఫారంలో రద్దు నిబంధన చదవండి. తర్వాత డబ్బు వెనక్కి ఇమ్మని ఫోన్లో కాకుండా రాతపూర్వకంగా అడగండి, రసీదు కాపీ జతచేయండి. ఈలోగా ఇంకొంత కట్టమంటే కట్టకండి. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోవడానికి రెరా (ఇళ్లు కొనేవారి రక్షణకు వచ్చిన) చట్టం ఒప్పుకోదు.