బ్యాకప్ క్యాచర్ రికార్డులో చూడాల్సింది ఏముంటుంది?

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో కొన్నేళ్లు బ్యాకప్ క్యాచర్‌గా (పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు, వేసిన బంతిని పట్టే ఆటగాడికి బదులుగా దిగేవాడిగా) ఉండి వెళ్లిపోయినవాళ్ల అంకెలు చూస్తే ఏమీ కనిపించడం లేదు, వాళ్లు సాధించింది ఏమిటని అడిగారు. నాకు తెలిసిన ఒకాయన గురించి చెప్తాను.

నేను ఉండేది అమెరికాలోని మిల్వాకీలో. ఈ ఊరివాళ్లకి బాబ్ యూకర్ ఇంటి మనిషి. 1971 నుంచి 2024 దాకా ఈ ఊరి జట్టు బ్రూవర్స్ మ్యాచ్‌లకి రేడియో కామెంటరీ చెప్పారు, 2025 జనవరిలో పోయారు. ఆఫీసు నుంచి వస్తూ కార్లో ఆయన మాటలు వినే నాకు ఈ ఆట అర్థమైంది.

ఆయన ఆడింది 1962 నుంచి 1967 దాకా. 297 మ్యాచ్‌లు, 14 హోమ్ రన్లు, బ్యాటింగ్ సగటు .200, అంటే అయిదు ప్రయత్నాలకి ఒక్క హిట్. 1964లో వరల్డ్ సిరీస్ (సీజన్ చివర జరిగే ఫైనల్ పోరు) గెలిచిన సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టులో ఉన్నారు గానీ, ఆ సిరీస్ ఏడు మ్యాచ్‌లూ మొదటి క్యాచర్ టిమ్ మెకార్వరే ఆడాడు. మన రెండో వికెట్ కీపర్ పరిస్థితే.

అసలు సంగతి 1967లో ఉంది. ఆ ఏడు సీజన్ మధ్యలో యూకర్ అట్లాంటా బ్రేవ్స్‌కి వచ్చారు. అక్కడ పిచర్ ఫిల్ నీక్రో నకిల్‌బాల్ (దాదాపు తిరగకుండా, ఎటు జారుతుందో తెలియకుండా వచ్చే బంతి) వేసేవాడు. కాలేజీలో బేస్‌బాల్ ఆడిన మా కొలీగ్ ఒకసారి పార్కులో నాకు ఆ బంతి వేసి చూపించాడు. వేగం పెద్దగా లేదు. బంతి తిరగకపోవడంతో ఎర్ర కుట్లు స్పష్టంగా కనపడుతున్నాయి. గ్లవ్ సరిగ్గా ఎదురుగా పెట్టాను. చివరి క్షణంలో పక్కకి జారి ముంజేతికి తగిలింది. పరుగు పూర్తి చెయ్యడానికి ముందు ఆఖరి మజిలీ అయిన మూడో బేస్‌లో రన్నర్ ఉండగా దాన్ని పట్టాలంటే ఎంత టెన్షనో! చేజారితే అవతలి జట్టుకి రన్ ఇచ్చినట్టే. క్యాచర్ మీద నమ్మకం లేకపోతే పిచర్ ఆ బంతి వెయ్యడానికే జంకుతాడు.

యూకర్ మాత్రం ఆ బంతే వెయ్యమన్నారు, పట్టుకోవడం తన పని అన్నారు. ఆ ధైర్యం ఆయనే ఇచ్చారని నీక్రో తర్వాత చెప్పుకున్నాడు. ఆ సీజన్‌లో యూకర్ పేరు మీద 27 పాస్డ్ బాల్స్ (క్యాచర్ పట్టాల్సింది వదిలెయ్యడంతో రన్నర్ ముందుకెళ్లిన బంతులు) నమోదయ్యాయి, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ. పాస్డ్ బాల్ వల్ల వచ్చిన పరుగు పిచర్ సగటులో కలవదు, మచ్చంతా క్యాచర్‌కే. అదే ఏడాది నీక్రో ఖాతాలో పడిన పరుగులు తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 1.87, లీగ్‌లో అందరికంటే తక్కువ. అందుకే ఆ 27ని తప్పుల లెక్కగా చూడటానికి నాకు మనసొప్పదు.

యూకర్ ఆట ఆ ఏడాదితోనే ముగిసింది. నీక్రో మాత్రం అదే బంతితో 1987 దాకా ఆడి 318 మ్యాచ్‌లు గెలిచాడు. 1997లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు.