నీటి కరెంటు, ఖాళీ అయిన ఊళ్లు

ప్రశ్న: మా అబ్బాయి మలేసియాలోని సరవాక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ మలయులు, చైనీయులు, అక్కడి ఆదివాసులైన ఇబాన్లు కలిసిమెలిసి ఉంటారట, కరెంటు ఎక్కువగా నీటి నుంచేనట. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: నిజమేనమ్మా, గవాయ్ అనే పంటల పండక్కి ఇబాన్ల ఇళ్లకు అన్ని జాతులవాళ్లూ వెళ్తారు, అది చూడముచ్చటైన సంగతి. కానీ 2,400 మెగావాట్ల బకున్ డ్యాం కోసం దాదాపు 10,000 మంది ఆదివాసులను సుంగై అసాప్ అనే పునరావాస ప్రాంతానికి తరలించారు, వాళ్లను తలచుకుంటే నాకు బాధేస్తుంది. బరామ్ నది మీద ఇంకో డ్యాం అనేసరికి జనం 2013 నుంచి దారికి అడ్డంగా కూర్చున్నారు, చివరికి అప్పటి సరవాక్ ముఖ్యమంత్రి అదెనాన్ సతేమ్ దాన్ని ఆపేశారు. ఇప్పుడక్కడ కరెంటుతో హైడ్రోజన్ ఇంధనం తయారుచేస్తామన్న హామీలు వినిపిస్తున్నాయి. అందుకు కావలసిన కరెంటు కోసం మళ్లీ ఎవరి ఊరు ఖాళీ చేయిస్తారో ఓటు అడగడానికి వచ్చినవాళ్లు ముందే చెప్పాలి.