ప్రయాణంలో నెట్ ఖర్చు రాసుకోవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. రొయ్యల చెరువులకు ఏరేటర్లు అమ్ముతాను. నెలకు పది రోజులు భీమవరం, నెల్లూరు తిరుగుతుంటాను. లాడ్జిలో వైఫైకి, ఫోన్లో అదనపు డేటాకు పెట్టిన డబ్బు వ్యాపార ఖర్చుగా రాసుకోవచ్చా?

జవాబు: రాసుకోవచ్చండి, నిస్సంకోచంగా. పూర్తిగా వ్యాపారం కోసమే పెట్టిన ఖర్చు అయితే ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకుంటుంది. కొటేషన్ పంపడానికి వేయించుకున్న డేటా ప్యాక్ అచ్చంగా అలాంటిదే. అదే ఫోన్లో రాత్రిపూట సినిమాలు చూస్తుంటే మాత్రం ఆ వాటా తీసేసి రాయండి. హాట్‌స్పాట్ పరికరం కొంటే అది ఆస్తి. దాని ధర ఒకేసారి కాకుండా, ఏటా విలువ తగ్గినంత మేరకే ఖర్చుగా (తరుగుదల) చూపాలి.

ముందు ఒకటి చూసుకోండి. మీరు చిన్న వ్యాపారులకు ఉన్న అంచనా లాభం పద్ధతి (1961 చట్టంలో 44ఏడీ సెక్షన్) కింద టర్నోవర్‌లో 8 శాతం, డిజిటల్ వసూళ్లపై 6 శాతం లాభం చూపిస్తుంటే ఖర్చులన్నీ అందులోనే కలిసిపోయినట్టు. నెట్ బిల్లు విడిగా తగ్గించుకోవడం కుదరదు.

ఇక బిల్లుల సంగతి. నాకు ఎప్పుడూ టెన్షన్ ఇక్కడే. ఒకాయన ఏడాది లాడ్జి రసీదులన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చారు. మెషిన్ నుంచి వచ్చే ఆ నున్నటి కాగితాలు ఎండకు తెల్లబడిపోయాయి. అంకె ఒక్కటీ కనబడలేదు. నిజంగా పెట్టిన ఖర్చే, చూపించడానికి ఏమీ లేదు. ప్రాణం ఉసూరుమంది. అందుకే రసీదు చేతికి రాగానే ఫొటో తీయండి. ఎవరిని కలవడానికి వెళ్లారో డైరీలో తేదీతో రాయండి. లాడ్జివాళ్లను వైఫై ఛార్జీ బిల్లులో విడిగా వేయమని అడగండి.