స్త్రీవాదం మాట్లాడేవాళ్లు అందం కోసం ఇన్ని తంటాలు పడటం ద్వంద్వనీతి కాదా?

"అందం ప్రమాణాలు ఆడవాళ్ల మీద రుద్దారని వాదించేవాళ్లే ఐబ్రోస్ చేయించుకుంటారు, లిప్‌స్టిక్ లేనిదే బయటికి రారు. మానేస్తే ఎవరు కాదన్నారు?" అని అడిగారు. నేను స్త్రీవాదినని చెప్పుకునే మనిషినే. మీ ప్రశ్నలో ఆ చివరి మాట గురించే నాకు చెప్పాల్సింది ఉంది. ఎందుకంటే కొన్నాళ్లు మానేసి చూశాను. సిద్ధాంతం కోసం కాదు లెండి, చెయ్యి విరిగి.

ముందు సంగతి ముందు చెప్పాలి. నాకు పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) అనే హార్మోన్ల సమస్య ఉంది. దాదాపు పదిమంది ఆడవాళ్లలో ఒకరికి ఉండేదే, వింతేమీ కాదు. ఒంట్లో ఆండ్రోజన్ హార్మోన్లు ఎక్కువై పైపెదవి మీద, గడ్డం మీద, దవడ అంచున ముదురు వెంట్రుకలు వస్తాయి. నూగు కాదు, గరుగ్గా ఉండేవి. నాకు కాలేజీ రోజుల్లో మొదలయ్యాయి. అప్పటినుంచి పొద్దున్నే అద్దం, ప్లక్కర్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడటం నా దినచర్య. ట్యూబ్‌లైటు కింద చూస్తే ఒక్కటీ కనపడదు. ఎండలోకి వచ్చాక చూసుకుంటే రెండో మూడో మిగిలే ఉంటాయి. అందుకని బ్యాగులో ఇంకో ప్లక్కర్. మీటింగులో కూర్చున్నప్పుడు చెయ్యి దానంతటదే గడ్డం కిందికి పోయి వేలికొసతో తడుముతూ ఉంటుంది. ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటుంది. ఇక అక్కడినుంచి ఎవరేం మాట్లాడుతున్నారో సగమే వినపడుతుంది. (చూసేవాళ్లకు మాత్రం నేను తెగ ఆలోచిస్తున్నట్టు ఉంటుందట. ఆఫీసులో నాకు ఆ పేరు అలా వచ్చింది.)

మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆవిడ ఒక చార్టు ముందు పెట్టుకుని నాకు స్కోరు వేశారు. ఫెర్రిమాన్-గాల్వే స్కోరు అంటారు, 1961లో మొదలైన పద్ధతి. ఇప్పుడు వాడే లెక్కలో పైపెదవి, గడ్డం, ఛాతీ, పొట్ట, వీపు, తొడలు ఇలా మొత్తం తొమ్మిది చోట్ల వెంట్రుకలు ఎంత ఉన్నాయో చూసి ఒక్కో చోటికి 0 నుంచి 4 దాకా వేస్తారు. అన్నీ కలిపితే 36. చాలాచోట్ల 8 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తేనే దాన్ని సమస్యగా చూస్తారు. ఆ హద్దు కూడా అందరికీ ఒకటి కాదు, తూర్పు ఆసియా ఆడవాళ్లలాంటి వాళ్లకు ఇంకా తక్కువ దగ్గర పెడతారు. ఎక్కడ పెట్టినా సున్నా దగ్గర మాత్రం ఎవరూ పెట్టలేదు. ఆడవాళ్ల ఒంటి మీద, ముఖం మీద కొన్ని వెంట్రుకలు ఉంటాయని వైద్యం ఎప్పుడో ఒప్పేసుకుంది. బయట లోకం లెక్క వేరు. అక్కడ పాస్ మార్కే సున్నా.

ఇక చెయ్యి సంగతి. మెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరిగింది, కట్టు కట్టారు. ఎడమచేత్తో ప్లక్కర్ పట్టుకుంటే వెంట్రుక రావడం లేదు గానీ చర్మం మాత్రం గిల్లుకుపోతోంది. పార్లర్‌కి వెళ్లొచ్చుగా అంటారేమో. మొదట నొప్పితో కదల్లేక వెళ్లలేదు. తర్వాత, ఏమవుతుందో చూద్దామన్న మొండితనం కూడా కొంత తోడైంది.

ఎవరూ ఏమీ అనలేదు. లిఫ్టులో పలకరించేవాళ్ల చూపు నా కళ్ల మీది నుంచి కిందికి జారి, గబుక్కున మళ్లీ పైకి వచ్చేది, అంతే. ఒక జూనియర్ అమ్మాయి ప్రేమగానే, "ఒంట్లో బాగానే ఉంటోందా మేడమ్, డల్‌గా కనపడుతున్నారు" అంది. ఈలోగా ఒక క్లయింట్ ప్రెజెంటేషన్ వచ్చింది. మొదటినుంచీ నేను తయారుచేసిందే. మా మేనేజర్ వచ్చి, "కట్టు పెట్టుకుని మీకెందుకండీ శ్రమ, ఈసారికి వేరేవాళ్లు చెప్తారు, మీరు రెస్ట్ తీసుకోండి" అన్నారు. నోటితో చెప్పేదానికి చేతితో ఏం పని? నా బదులు వెళ్లినతను నాలుగు రోజుల గడ్డంతోనే వెళ్లాడు. దాన్ని ఎవరూ చూసినట్టు కూడా లేరు. దీనిమీద ఫిర్యాదు చేయాలంటే ఏమని రాస్తాం? ఆయన అన్న మాటల్లో ఒక్కటీ తప్పు పట్టడానికి లేదు. నిజంగా కట్టు గురించే అన్నారేమో కూడా. రుజువు చేయలేం కాబట్టే ఇలాంటివి హాయిగా సాగిపోతాయి.

కట్టు విప్పిన రోజు సాయంత్రమే ప్లక్కర్ తీశాను. ద్వంద్వనీతి అని మీరనేది దీన్నే అయితే, చేశాను. అయితే ఆ సాయంత్రం నా బుర్రలో ఉన్నది అందం కాదు, తర్వాతి ప్రెజెంటేషన్.

నా ఒక్కదాని అనుభవంతో లోకాన్ని తేల్చేయడం కుదరదు. 2016లో జాక్లిన్ వాంగ్, ఆండ్రూ పెనర్ అనే ఇద్దరు సోషియాలజిస్టులు అమెరికాలో అందానికీ సంపాదనకీ ఉన్న లంకె ఏమిటో చూశారు. ఆకర్షణీయంగా ఉన్నారని మార్కులు పడ్డవాళ్లకు, ఆడైనా మగైనా, సంపాదన ఎక్కువగానే ఉంది. ఇందులో గ్రూమింగ్, అంటే ముస్తాబు, వాటా ఎంత అని విడదీస్తే, మగవాళ్లలో ఆ తేడాలో సగం దాని వల్ల వచ్చింది. ఆడవాళ్లలో దాదాపు మొత్తం దాని వల్లే. అంటే పుట్టుకతో వచ్చిన ముఖం కన్నా, దాని మీద రోజూ పడే చాకిరీకే ఆడవాళ్లకు ఎక్కువ ముడుతోంది. అలాంటప్పుడు "మానెయ్యొచ్చుగా" అనేది "కొంత జీతం వదులుకోవచ్చుగా" అన్నట్టే.

కొన్నిసార్లు ఈ రూల్ కాగితం మీద కూడా దొరుకుతుంది. 2015లో లండన్‌లో నికోలా థోర్ప్ అనే అమ్మాయి రిసెప్షనిస్టుగా మొదటిరోజు పనిలోకి వెళ్తే, హైహీల్స్ వేసుకోలేదని ఇంటికి పంపించేశారు. రెండు నుంచి నాలుగు అంగుళాల మడమ ఉండాలట. ఆమె పెట్టిన పిటిషన్ మీద లక్షన్నర మందికి పైగా సంతకాలు చేశారు, పార్లమెంటు కమిటీలు విచారణ జరిపాయి. చివరికి ప్రభుత్వం, ఉన్న చట్టం చాలు, కొత్తది అక్కర్లేదంది. జపాన్‌లో యుమి ఇషికవా 2019లో ఇలాంటి రూల్ మీదే ఉద్యమం నడిపారు. వీళ్లిద్దరూ హీల్స్ వేసుకునే ఆడవాళ్లను ఒక్క మాట అనలేదు. వేసుకోకపోతే పని ఇవ్వం అనడాన్నే ప్రశ్నించారు. ఈ విషయంలో నాకు అర్థమైన స్త్రీవాదం అదే.

"నా ఒళ్లు, నా ఇష్టం, నేనేం చేసుకున్నా స్త్రీవాదమే" అనే వాదన కూడా ఒకటి తిరుగుతోంది. దాంతోనూ నాకు పేచీ ఉంది. నేను వెంట్రుకలు పీక్కోవడంలో విప్లవమేమీ లేదు. ఇష్టం అనేది కూడా గాల్లోంచి ఊడిపడదు. అమెరికాలో జిల్లెట్ కంపెనీ ఆడవాళ్ల కోసమని ప్రత్యేకంగా రేజర్ తెచ్చింది 1915లో. స్లీవ్‌లెస్ గౌన్లు వస్తున్న కాలం. చంకలో వెంట్రుకలుంటే చూసేవాళ్లకు ఇబ్బంది అని అప్పటి ప్రకటనలే నేర్పాయి. అంతకుముందు అమ్మమ్మలకు తట్టని సిగ్గు తర్వాత మనవరాళ్లకు ఒంటబట్టింది. ఇప్పుడు నున్నగా ఉంటేనే నాకు హాయిగా ఉంటుందని నేనన్నా అబద్ధం కాదు, నిజంగానే హాయిగా ఉంటుంది. ఆ హాయి ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలుసు, అంతే.

అసలు మీ ప్రశ్న స్త్రీవాదులు వాళ్లలో వాళ్లు ఎప్పుడో వేసుకున్నదే. 1968 సెప్టెంబరు 7న అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా పోటీ బయట నిరసన జరిగింది. బ్రాలు, నడుము బిగించే గర్డిల్స్, హైహీల్స్, అంటించుకునే కనురెప్ప వెంట్రుకలు తెచ్చి ఒక చెత్తడబ్బాలో పారేశారు. బ్రాలు తగలబెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు గానీ, అక్కడ మంట పెట్టనేలేదు. ఆ నిరసనలో ఉన్న కేరల్ హానిష్ ఆ ఏడాదే తమ తప్పు తామే పట్టారు. కొన్ని ప్లకార్డుల వల్ల పోటీలో నిలబడ్డ అమ్మాయిలూ, అందంగా ఉన్న ఆడవాళ్లూ శత్రువుల్లా కనపడ్డారని, వాళ్లు కూడా మనతో పాటు ఇందులో నలుగుతున్నవాళ్లేనని రాశారు. అర్ధ శతాబ్దం దాటినా మనం ఇంకా ఎవరి పెదవులకు లిప్‌స్టిక్ ఉందో చూస్తూ కూర్చుంటే ఎలా?

నాది చవకలో పోయిన కేసు. కొంచెం టైమ్, గడ్డం కింద కొన్ని నల్ల మచ్చలు. చామనఛాయ పిల్లల సంగతి ఇంత తేలిక కాదు. తెల్లబరుస్తామనే క్రీముల్లో కొన్నిట్లో పాదరసం ఉంటుంది. అది చర్మంలో రంగు తయారవకుండా అడ్డుపడుతుంది, పోతూ పోతూ కిడ్నీల మీద పడుతుంది. పాదరసాన్ని అదుపు చేయడానికి కుదిరిన మినమాటా ఒప్పందంలో ఉన్న దేశాలు ముందు కిలోకి 1 మిల్లీగ్రాము దాటకూడదని హద్దు పెట్టుకున్నాయి. 2023లో ఆ మినహాయింపూ తీసేసి, పాదరసం కలిపిన కాస్మెటిక్స్ 2025 తర్వాత అసలు తయారుచేయకూడదని తీర్మానించాయి. పార్లర్ ఖర్చు గురించి ఎద్దేవా చేయడం సులువు. ఆ డబ్బా కొనుక్కున్న పిల్లను ఏమని ఎద్దేవా చేస్తాం?

మగవాళ్లకు ఒత్తిడి లేదా అని కింద కామెంట్లలో ఎవరో ఒకరు అడుగుతారు. ఉంది. బట్టతల, పొట్టి, బక్క అన్న మాటలు పడనివాళ్లు ఎందరు? కాకపోతే వాళ్లు షేవింగ్ మానేస్తే అలసిపోయాడనో, కొత్త స్టైల్ అనో అనుకుంటారు. అక్కడ ఆ వెసులుబాటు ఉంది.

మా అక్క కూతురు ఈమధ్య, "పిన్నీ, నాకు మీసం వస్తోందా?" అని ఫోన్ నా ముఖం దగ్గరికి తెచ్చింది. సెల్ఫీలో లేదు, అద్దంలో ఉంది, అదీ దాని టెన్షన్. తీరా చూస్తే కెమెరాలో స్కిన్ నునుపు చేసే సెట్టింగ్ ముందే ఆన్‌లో ఉంది. ఆఫ్ చేసి మళ్లీ తీసుకోమన్నాను. నార్వేలో 2022 నుంచి ప్రకటనల్లో ఒంటి ఆకారాన్నీ చర్మాన్నీ మార్చిన ఫొటోలకు ఆ సంగతి చెప్పే లేబుల్ పెట్టాలి. మన ఫొటో మనకే చూపించే కెమెరాకు అలాంటి లేబుల్ ఎవరు పెడతారు? తీయించుకోవాలా వద్దా అని అడిగింది. ఎప్పుడైనా తీయించుకోవచ్చు, తొందరేం లేదు అన్నాను. నెలసరి సరిగ్గా వస్తోందా అని మాత్రం గట్టిగా అడిగాను, ఎందుకంటే నా విషయంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అందరూ మీసం తీసే చిట్కాలే చెప్పారు.

ఇక నా చేతిలో ఉన్నదాంట్లో నేను చేసింది ఒకటుంది. ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చోవడం మొదలయ్యాక చూస్తే, మార్కుల షీట్‌లో "అపియరెన్స్" అని ఒక గడి ఉంది. అందులో అబ్బాయిలందరికీ చూడకుండానే నాలుగు వేసేవారు. అమ్మాయిల దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగేది. ఆ గడి తీసేద్దామని ఈమెయిల్ పెట్టాను. "క్లయింట్ ముందుకు వెళ్లేవాళ్లు నీట్‌గా ఉండొద్దా?" అన్నారు. అయితే నీట్ అంటే ఏమిటో రాయండి, ఇద్దరికీ ఒకటే రాయండి అన్నాను. రాయడానికి కూర్చుంటే ఉతికిన బట్టలు, స్నానం దాటి ముందుకు పోలేదు. దానికోసం ఒక గడి ఎందుకని వాళ్లే కొట్టేశారు. ఉద్యోగాల్లోకి మనుషుల్ని తీసుకునే చోట మీరుంటే మీ షీట్ కూడా ఒకసారి తిరగేయండి. అక్కడ ఉద్యోగం కోసం వచ్చిన అమ్మాయి అడగలేనిది మీరు అడగగలరు.