రిజిస్ట్రేషన్ నిజమే, డబ్బు వెళ్లింది ఎవరికి?

ప్రశ్న: మూడేళ్లుగా అన్నదమ్ముల్లా మాట్లాడుకున్న విదేశీ సరఫరాదారు యూరప్ కస్టమ్స్ రిజిస్ట్రేషన్ నంబరు చూపి, చక్కెరకు 30 శాతం అడ్వాన్సు తీసుకున్నాడు. ఎనిమిది నెలలైనా సరుకు రాలేదు. అతని పాత ఎగుమతుల డిక్లరేషన్లు కస్టమ్స్ లోపలి నుంచి తెప్పిస్తానని ఒక ఏజెంటు డబ్బు అడుగుతున్నాడు. ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వకండి. రహస్య రికార్డులను లంచమిచ్చి తెప్పించడం నేరం. ఫిర్యాదుదారుగా ఉన్న మీరే నిందితులవుతారు. పైగా ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పలేని కాగితాలు సాక్ష్యంగా నిలవడం కష్టం.

మీ ఉత్తరంలో స్నేహం గురించి చాలా ఉంది, డబ్బు ఏ ఖాతాకు వెళ్లిందో ఒక్క మాటా లేదు. జతచేసిన స్విఫ్ట్ ప్రతిలో, అంటే విదేశానికి డబ్బు పంపినట్లు బ్యాంకు ఇచ్చిన పత్రంలో, అది కనిపించింది. ఒప్పందమూ రిజిస్ట్రేషనూ ఒక కంపెనీవి, డబ్బు అందుకున్నది మరో దేశంలోని వేరే కంపెనీ. కేసు తేలేది ఇక్కడే. ‘మా పత్రాన్ని ఎవరో వాడుకున్నారు, మాకు పైసా రాలేదు’ అని మొదటి కంపెనీ అంటే మీ దగ్గర ఏముంది? ఖాతా వివరాలు పంపిన అసలు ఈమెయిలు కావాలి. దాన్ని ఫార్వర్డ్ చేయకుండా, పూర్తి హెడర్‌తో (ఈమెయిలు ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చూపే సాంకేతిక వివరాలతో) అలాగే భద్రపరచండి. అది కంపెనీ సొంత డొమైన్ (ఈమెయిలు చిరునామాలో @ తర్వాతి భాగం) నుంచి వచ్చిందా, ఒక్క అక్షరం మార్చిన నకిలీ డొమైన్ నుంచి వచ్చిందా చూడండి.

అతను చూపిన యూరప్ కస్టమ్స్ రిజిస్ట్రేషన్ నంబరు, అంటే ఈఓఆర్‌ఐ నంబరు, కస్టమ్స్ వ్యవహారాల్లో గుర్తింపు కోసమే. సరుకు ఉందనిగానీ, అమ్మకందారు నిజాయతీపరుడనిగానీ అది చెప్పదు. యూరోపియన్ కమిషన్ వెబ్‌సైటులో నంబరు చెల్లుతుందో లేదో తెలుస్తుంది, పేరు, చిరునామా మాత్రం యజమాని అంగీకరిస్తేనే కనిపిస్తాయి. కంపెనీ రిజిస్ట్రీలో ఉన్న చిరునామాకు మీరే రాసి అడగాల్సింది. అంత డబ్బు పంపే ముందు ఆ ఒక్క పని చేయకపోవడం క్షమించరాని అజాగ్రత్త. అతని పాత అమ్మకాలను బయట దొరికే దిగుమతి రికార్డుల్లో వెతకడానికీ హద్దులున్నాయి. అమెరికాకు వెళ్లే ఓడల సరుకు జాబితాలు బయటికి వస్తాయి, కానీ దిగుమతిదారు కోరితే పేర్లు దాచిపెడతారు. పేరు కనిపించనంత మాత్రాన వ్యాపారం లేదని వాదించలేరు.

దావా వేయడానికి ఉన్న కాలపరిమితి విషయంలో ఏమరుపాటు వద్దు. అంతర్జాతీయ సరుకుల అమ్మకాలపై 1974 నాటి ఐక్యరాజ్యసమితి కాలపరిమితి ఒప్పందం వర్తిస్తే గడువు నాలుగేళ్లు. మోసమైతే అది బయటపడిన, లేదా సహేతుకంగా బయటపడగలిగిన రోజు నుంచి లెక్క. అది వర్తించకపోతే మీ ఒప్పందానికి వర్తించే చట్టం చెప్పిందే గడువు, అది తక్కువైనా కావచ్చు. ఫోనులో ‘వచ్చే వారం’ అన్న మాటలతో గడువు ఆగిపోతుందనుకోకండి.

ఈ రోజే మీ బ్యాంకుకు మోసం అని స్పష్టంగా రాసి, డబ్బు వెనక్కి రప్పించమని, అవతలి బ్యాంకుకు తెలియజేయమని కోరండి. ఎనిమిది నెలల తర్వాత ఆశ తక్కువే, అయినా ఆ ఉత్తరం రేపు సాక్ష్యం. పోలీసు ఫిర్యాదులో రెండు కంపెనీల పేర్లూ చేర్చండి. ఆ తర్వాత ఇద్దరికీ లాయరు నోటీసు పంపి, ఒప్పందంలోని మధ్యవర్తిత్వ నిబంధన (వివాదాన్ని కోర్టు బదులు మధ్యవర్తి తేల్చాలన్న షరతు) ఉన్న కాగితాన్ని నాకు పంపండి.