మాత్ర మింగే ముందు

పాపా,

ముప్పై ఎనిమిదేళ్లకు పిల్లల కోసం ఇచ్చే ఈ మందులు తట్టుకోగలనా అని అడిగావు. నేను ముప్పై తొమ్మిదికి మింగాను, అదీ మే నెలలో, కర్నూలులో. పీరియడ్ రెండో రోజు నుంచి అయిదు రోజులు క్లోమిఫెన్, అంటే గుడ్డు ఎదగడానికి ఇచ్చే మాత్ర. ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయని డాక్టరమ్మ ముందే చెప్పింది. అది మాత్ర వేడో, బయటి ఎండో తేల్చుకోలేక కూలర్‌ను వదల్లేదు. ఒకరోజు మీ చిన్నాన్న కట్టించుకొచ్చిన ఉగ్గాణిలో బజ్జీలు మెత్తబడ్డాయని ఏడ్చాను. ఆయన మాట్లాడకుండా వెళ్లి వేడివి తెచ్చాడు. తలనొప్పి, ఆవిర్లు, ఊరికే ఏడుపు రావడం, ఇవన్నీ కోర్సు అయ్యాక తగ్గుతాయి. భయపడకు.

కళ్ల సంగతి మాత్రం వేరు. నాలుగో రోజు రాత్రి ట్యూబ్‌లైట్ చూసి తల తిప్పితే ఆ వెలుగు గీత నా కళ్లలోనే ఉండిపోయింది. గోడ చూస్తే గోడ మీద, చేట చూస్తే బియ్యం మీద. బీపీ అయ్యుంటుందనుకుని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. పైగా రాజ్‌విహార్ సెంటర్ మీదుగా స్కూటీ నడిపాను, బుద్ధి లేక. చెప్పాక డాక్టరమ్మ తిట్టి, ఆ మాత్ర మాన్పించి, కంటి పరీక్షకు పంపింది. తర్వాతి నెల అదే పనికి లెట్రోజోల్ అనే ఇంకో మాత్ర ఇచ్చింది. దాంతో నీరసం, కాస్త కళ్లు తిరగడం, అంతే.

గుడ్లు ఎదగడానికి వేసే ఇంజెక్షన్ల దాకా వెళితే పొట్ట మీద కన్నేసి ఉంచు. కాస్త ఉబ్బరం మామూలే. పొట్ట బిర్రుగా ఉబ్బి, వాంతులు, ఆయాసం, మూత్రం తగ్గడం, ఒక్క రోజులో కిలో బరువు పెరగడం లాంటివి కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, రాత్రయినా ఆసుపత్రికి పో.

గుడ్డు విడుదలకు వేసే హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇంకో మోసం చేస్తుంది. రెండు వారాలు కాకముందే కిట్‌తో చూసుకుంటే, కడుపు లేకపోయినా ఆ మందుకే రెండు గీతలు పడొచ్చు. నేను తొమ్మిదో రోజే చూసుకుని మా అత్తకు చెప్పాను. సాయంత్రానికి వీధంతా తెలిసింది. ఆ నెల నాకు పీరియడ్ వచ్చేసింది. తర్వాత కడుపు నిలవడానికి ఇచ్చే ప్రొజెస్టెరాన్ మందుకు కూడా నిద్రమత్తు, రొమ్ముల నొప్పి వస్తాయి, వాటిని చూసి లెక్కలు వేసుకోవద్దు.

ఒక మాట దాచను. ఈ మందులు గుడ్డును ఎదగనిస్తాయి గానీ దాని వయసును తగ్గించలేవు. మా పిల్లోడు పుట్టాడని నీకూ తప్పకుండా అవుతుందని నేను చెప్పలేను. ఎన్ని నెలలు చూడాలి, ఆ తర్వాత ఏం చేయాలి అని మొదటే డాక్టరును అడుగు. అల్లుడికి పరీక్ష చేయించారా? అది చేయించకుండా నువ్వొక్కదానివే మాత్రలు మింగితే ఒప్పుకోను.

పాత నోటు పుస్తకం ఒకటి తీసి, ఏ రోజు ఏ మాత్ర, ఒంట్లో ఎలా ఉంది రాసుకో. స్కాన్ ఏ రోజో చెబితే ముందురోజు రాత్రికే అనంతపురం వచ్చేస్తాను. వంట నేను చేస్తాలే.

మీ చిన్నమ్మ