అడిగిన రోజున దొరకాలి: కొత్తగా చేరిన లైబ్రేరియన్‌కు ఒక లేఖ

చిరంజీవి సుజాతకు,

మీ బాబాయి ఆశీస్సులు. మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో చేరావని, చేరిన వారంలోనే పాత పేపర్లన్నీ తూకానికి వేసి గది ఖాళీ చేయమని పైనుంచి మాట వచ్చిందని, ఏవి ఉంచాలో ఏవి పంపాలో పాలుపోవడం లేదని రాశావు. గ్రంథాలయ శాఖలోనే రిటైరైనవాణ్ని కనుక నాకు తెలిసినంతవరకు వివరంగానే రాస్తున్నాను.

ముందుగా ఆ పేపర్ల సంగతి. మాటగా వచ్చిన ఆదేశం మీద ఏదీ అమ్మవద్దు. ఏ పత్రికలు, ఏ నెలలవి తీసేస్తున్నావో జాబితా రాసి, దాని మీద పై అధికారి సంతకం తీసుకున్న తర్వాతే కట్టలు బయటికి పంపు. నవలలు, వారపత్రికలు ఎక్కడో ఒకచోట మళ్లీ దొరుకుతాయి కానీ, జిల్లా ఎడిషన్లలో పడే ప్రభుత్వ ప్రకటనలు ఒకసారి పోతే మళ్లీ దొరకడం చాలా కష్టం. దినపత్రికల ప్రతులు 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా, చెన్నై, ముంబయి, ఢిల్లీల్లోని నాలుగు గ్రంథాలయాలకు చేరాలి. ఆ నాలుగింటిలో ఒక్కటీ తెలుగు రాష్ట్రాల్లో లేదు, మీ మండలం రైతు ఎవరూ అక్కడిదాకా వెళ్లి వెతుక్కోలేడు.

రైతు అని ఊరికే అనలేదు. 2013 నాటి భూసేకరణ చట్టం సెక్షన్ 11 ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్‌ను రాజపత్రం (గెజెట్)తో పాటు ఆ ప్రాంతంలో చదివే రెండు దినపత్రికల్లోనూ ప్రచురించాలి, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక కావాలి. అభ్యంతరం చెప్పుకోవడానికి ఉన్న 60 రోజుల గడువు ఆ ప్రచురణతోనే మొదలవుతుంది, నష్టపరిహారం కోసం మార్కెట్ విలువ కట్టేది కూడా ఆ నోటిఫికేషన్ తేదీ నాటికే. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు వరుసలుగా, కళ్లజోడు పెట్టుకున్నా కూడబలుక్కోవలసినంత చిన్న అక్షరాలతో ఉండే ఆ పట్టికను అచ్చయిన రోజున ఎవరూ చదవరు. కొన్నేళ్ల తర్వాత ఎవరో ఒకరు పాసుపుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చి, మా ఊరి భూముల ప్రకటన ఏ రోజు పేపర్లో పడిందమ్మా అని అడుగుతారు. అప్పుడు నీ దగ్గర కట్టలు ఎన్ని ఉన్నా, ఆ పేజీ ఎక్కడుందో చెప్పలేకపోతే అది లేనట్టే లెక్క.

అందుకని ఒక పొడుగు నోటుపుస్తకం తీసుకుని తేదీ, పత్రిక, పేజీ, గ్రామం, విషయం అని గీతలు కొట్టి, పొద్దున్నే పేపర్లకు ముద్ర వేసేటప్పుడే మీ మండలానికి సంబంధించిన ప్రకటనలను అందులో ఎక్కించు. భూసేకరణ, వేలం, టెండరు, ప్రజాభిప్రాయ సేకరణ, పంచాయతీ పునర్విభజన, ఇవి చాలు. ఆ పేజీలను ఫోనుతో ఫొటో తీసి తేదీ పేరుతో దాచు. మిగతా సంచికలను నెలవారీగా బైండు చేయించగలిగితే చేయించు, లేకపోతే గోడకు ఆనకుండా బల్లల మీద పేర్చు; తేమ, చెద రెండూ ఎక్కువగా గోడ నుంచే వస్తాయి.

ఇంటర్నెట్టులో అన్నీ ఉంటాయి కదా అని మీ తోటివాళ్లు అంటారు. ఆ మాట పూర్తిగా నమ్మలేం. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఉత్తర్వులను, అంటే జీవోలను, అప్పటిదాకా అందరికీ కనిపించిన వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ మొదలుపెట్టారు. పాత పుస్తకాలను స్కాన్ చేసి పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు మూతపడ్డాక కూడా అందులోని తెలుగు పుస్తకాలు ఎన్నో నేటికీ దొరుకుతున్నాయంటే, వాటి ప్రతులు అంతకుముందే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే మరో సైటులోకి చేరడమే కారణం. కనుక మీ మండలానికి పనికివచ్చే జీవో కనబడిన రోజే దాన్ని దింపుకుని, శాఖ, నంబరు, తేదీ ఫైలు పేరులోనే వచ్చేలా పెట్టి, రెండు చోట్ల దాచు. శాసనసభల చట్టాలు తప్ప రాజపత్రంలో అచ్చయిన మిగతా వాటిని తిరిగి ప్రచురించడం ఉల్లంఘన కాదని కాపీరైటు చట్టం సెక్షన్ 52 చెబుతోంది కనుక వాటి నకలు ఇవ్వడానికి జంకవలసిన పనిలేదు. పాత తెలుగు పీడీఎఫ్‌లలో చాలా వాటిని యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేశారు. వాటిలో ఊరి పేరు కొట్టి వెతికితే ఏమీ రాదు. ఒక్కొక్క దానికి యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే తెలుగు అక్షరాల్లో, రెండు వాక్యాల సారాంశం రాసి పెట్టావంటే నీ తర్వాత వచ్చే లైబ్రేరియన్ కూడా వెతకగలుగుతారు. నా దృష్టిలో స్కానింగ్ కంటే ఈ పని ముఖ్యం.

నీ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి కావలసిన కాగితం లైబ్రరీలో ఉండదు, తహశీల్దారు కార్యాలయంలోనో పంచాయతీలోనో ఉంటుంది. వాళ్లను ఉత్త చేతులతో పంపవద్దు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయడం చూపించు. ఎందుకు చేయలేదు, ఎప్పుడు చేస్తారు అని అడగవద్దని, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా రిజిస్టరు నకలు, ఫలానా ఫైలులో అధికారులు రాసిన నోట్ పేజీలు కావాలని కాగితాన్నే అడగమని చెప్పు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయాల్లో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. గడువు దాటితే నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. ఫైలు పెద్దదైతే నకళ్ల కంటే ముందు తనిఖీ కోరుకోవడం మంచిది, ఏ పేజీలు కావాలో చూసుకున్నాక వాటికే డబ్బు కట్టవచ్చు. అదే చట్టం సెక్షన్ 4 ప్రతి కార్యాలయమూ ఎవరూ అడగకుండానే 17 అంశాలు వెల్లడించాలంటుంది. వాటిలో ప్రజల కోసం నడిపే గ్రంథాలయం లేదా పఠన మందిరం పనివేళలు కూడా ఒకటి. నీ గుమ్మం మీద ఆ బోర్డు ఉందో లేదో ముందు చూసుకో.

ఒక విషయం నన్ను నిజంగా బాధపెడుతోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారాన్ని నిరాకరించడానికి వీలిచ్చే సెక్షన్ 8(1)(జె)ని మార్చి, ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చన్న మాటను అక్కడ తీసేసింది. వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క కారణంతో మస్టరు రోల్సు (కూలీల హాజరు పట్టికలు), లబ్ధిదారుల జాబితాలు కూడా నిరాకరిస్తారేమోనని నా భయం. అయితే ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చనే సెక్షన్ 8(2) ఇంకా ఉంది. నిరాకరణ లేఖ తెచ్చినవాళ్లకు, పై అధికారికి పెట్టే మొదటి అప్పీలులో ఆ సెక్షన్‌ను పేర్కొని, ఆ సమాచారం వల్ల ఊరికి ఏం ప్రయోజనమో రెండు మూడు వాక్యాల్లో రాయమని చెప్పు. అప్పీలుకు 30 రోజులే గడువు కాబట్టి లేఖ అందిన తేదీని కవరు మీదే వేసుకోమను.

ఎవరు ఏ కాగితం అడిగినా ఎందుకని అడగవద్దు. దరఖాస్తుదారు కారణం చెప్పనక్కరలేదని చట్టమే అంటోంది. సర్పంచ్ మనిషి పక్కనే కూర్చుని పేపరు చదువుతుంటే, పంచాయతీ లెక్కలు అడగడానికి వచ్చినవాడు గొంతు విప్పడు; అలాంటివాళ్లకు నీ బల్ల దగ్గర కాస్త ఏకాంతం ఉండేలా చూడు.

బైండింగుకు డబ్బు లేదని రాశావు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది, స్థానిక సంస్థలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మీ పంచాయతీ గత మూడేళ్లలో ఎంత వసూలు చేసిందో, ఎంత జమ చేసిందో తెలిపే రిజిస్టరు నకలు కోరుతూ మీ పాఠకుల్లో ఎవరైనా ఒకరు దరఖాస్తు పెట్టవచ్చు. ఆ జవాబు రాగానే ఒక ప్రతి జతచేసి, బైండింగుకు ఎంత కావాలో అంచనా వేసి జిల్లా కార్యదర్శి గారికి లేఖ రాయి. ముసాయిదా నాకు పంపితే చూసి పెడతాను.

ఇట్లు,
మీ బాబాయి